గోళీకి తెలిసిన ఒకే నంబరు

ప్రెస్సులో ఆమెను అందరూ బైండింగక్క అంటారు. బిల్లు పుస్తకాల కోసం వచ్చేవాళ్లు, కాగితం కట్టలు దించేవాళ్లు, చివరికి ఆమెకన్నా పెద్దవాడైన ఓనరు కూడా. మిషన్ నడిపే పెద్దాయన ఒక్కడే అమ్మాయ్ అంటాడు. ఆమె ఆయన్ని బాబాయ్ అంటుంది. చుట్టరికం లేదు. పంతొమ్మిదేళ్లుగా ఒకే గదిలో, ఒకే చప్పుడులో పనిచేస్తున్నారు, అంతే.

మిషన్ మీంచి దిగిన కాగితాలు ఆమె బల్ల మీదికి వస్తాయి. మడవడం, పేజీల వరస చూడటం, పుస్తకం వీపున కుట్టు వేయడం, జిగురు రాసి అట్ట అంటించడం ఆమె పని. చేతులకు ఎప్పుడూ జిగురే కాబట్టి పెద్ద ఫోను సంచిలోనే ఉండిపోతుంది. నడుముకు కట్టుకున్న గుడ్డ జేబులో మాత్రం ఒక చిన్న బటన్ల ఫోను ఉంటుంది. అది మోగితే జిగురు చేత్తోనే తీస్తుంది. మోగడం అరుదు.

అది ఆమె తమ్ముడికి గుర్తున్న ఒకే ఒక్క నంబరు. ఇంట్లో వాణ్ణి గోళీ అనేవాళ్లు. చిన్నప్పుడు బుగ్గలో గాజు గోళీ పెట్టుకుని తిరిగేవాడు. ఇరవై రెండో ఏట మనసు చెదిరింది. మూడేళ్లపాటు అక్కే వారం వారం ఆస్పత్రికి నడిపించుకుపోతూ, దారి పొడుగునా ఆ పది అంకెలు వాడిచేత వల్లె వేయించేది. ఒకరోజు ఆస్పత్రి వరండాలో కూర్చోబెట్టి, మందులు తీసుకుని వచ్చేసరికి వాడు లేడు. పదకొండేళ్లయింది.

రెండో ఏడు ఒకసారి ఫోను చేశాడు. "అక్కా, తిన్నావా?" అన్నాడు. "ఎక్కడున్నావురా?" అని ఆమె అడిగేలోపు పెట్టేశాడు. అయిదో ఏడు మరోసారి మోగింది. ఆసారి మాటల్లేవు, ఊపిరి వినిపించింది. అది వాడిదేనని ఆమె అంటుంది. ఆమె భర్త అవుననలేదు, కాదనలేదు.

ప్రీపెయిడ్ నంబరు గడువు దాటితే కొన్నాళ్లకు వేరేవాళ్లకు ఇచ్చేస్తారని ఎవరో చెప్పారు. అప్పట్నుంచీ ప్రెస్సు గోడ మీది క్యాలెండరులో, రీచార్జికి వారం ముందు తేదీ చుట్టూ ఎర్ర పెన్సిలుతో గీత గీస్తుంది.

"ఆ ఫోనుకి పెట్టే మేత నాకు పెడితే ఈపాటికి పహిల్వాన్నయ్యేవాణ్ణి అమ్మాయ్," అనేవాడు బాబాయి.

"అది నెలకోసారే నోరు తెరుస్తుంది బాబాయ్. మీ మిషను రోజూ నూనె తాగుతుంది, పైగా అరుస్తుంది."

"అరుపు మిషనుది కాదు, ఓనరుది."

నంబరు చచ్చిపోతుందేమోనన్నదే ఆమె భయం. దాన్ని ఎవరైనా ఎత్తుకుపోతారని ఎన్నడూ తోచలేదు. కిందటేడు ఫోను కంపెనీ షాపులో కౌంటరు అమ్మాయి ఆ ముచ్చట కూడా చెప్పింది. సిమ్ పోయిందని అబద్ధం చెప్పి మన నంబరు మీద కొత్త సిమ్ తీసుకుంటున్నారు, మీరొక రహస్యపు మాట పెట్టుకోండి, ఆ మాట చెప్పిన వాళ్లకే సిమ్ మారుస్తాం అంది. ఆమె ఆలోచించలేదు. "గోళీ" అని రాయించింది. జన్మలో మరిచిపోని మాట అదొక్కటే.

ఆ మాట ఊరంతా గోడల మీద ఉంది. ఏటా ఒకసారి, మిగిలిన ముక్క కాగితాల మీద, బాబాయి ఆమెకు అయిదు వందల కరపత్రాలు వేసిపెడతాడు. తమ్ముడి ఫొటో, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, ఆమె పూర్తి పేరు, ఇంటి చిరునామా, ఆ నంబరు. అడుగున పెద్ద అక్షరాల్లో: ఇంట్లో గోళీ అంటాం, ఆ పేరుతో పిలిస్తే పలుకుతాడు.

ఒక మంగళవారం పొద్దున పదకొండింటికి చిన్న ఫోను మోగింది. మర్యాదగా మాట్లాడే మగ గొంతు. ఎక్కడిదో ఒక ఆస్పత్రి పేరు చెప్పింది.

"మీ తమ్ముడిలాంటి మనిషి మా వార్డులో ఉన్నాడమ్మా. గోళీ అంటే తల తిప్పాడు."

ఆమె కాగితాల కట్ట మీద కూలబడింది.

"ఒక్కసారి వాడికివ్వండి బాబూ."

"నిద్ర మందిచ్చాం. ముందు మీరు నిజంగా అక్కేనని రాసుకోవాలి. ఎవరెవరో వచ్చి మావాడే అంటున్నారమ్మా ఈమధ్య."

అతను ఆమె పుట్టిన తేదీ అడిగాడు. గుర్తింపు కార్డు నంబరు అడిగాడు. సంచిలోంచి కార్డు తీసి ఒక్కో అంకె చదివింది. వినపడిందో లేదోనని మళ్లీ చదివింది.

"ఇప్పుడు డాక్టరుగారు చేస్తారు. లైను ఖాళీగా ఉంచండి. మెసేజీలు వస్తాయి, అవి మా సిస్టమువే. ముట్టుకుంటే లైను తెగిపోతుంది."

ఆమె కాగితాలన్నీ పక్కకు నెట్టి, ఫోను బల్ల మధ్యలో పెట్టింది. సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది. బాబాయి మిషన్ ఆపేశాడు. ఓనరూ వచ్చి పక్కన నిలబడ్డాడు. ఫోను ఒకసారి టుంగుమంది. మరోసారి.

"చూడమ్మాయ్, ఏదో వచ్చింది."

"ముట్టుకోవద్దన్నారు బాబాయ్."

వాడికి ఇప్పుడు ముప్ఫై ఆరు. భర్త చొక్కాలు సరిపోతాయో లేదో. తీసుకువస్తే ముందు గదిలో పడుకోబెట్టాలి, తలుపు గడియ పైకి బిగించాలి. ఇలాంటివి ఆమె పైకే అంటోంది. బాబాయి ఊఁ కొడుతున్నాడు. మూడోసారి టుంగుమంది. ఆ తర్వాత చప్పుడు లేదు.

ఒంటిగంటన్నరకు ఫోను మీద సిగ్నలు గీతలు లేవని బాబాయే చూశాడు. ఓనరు తన ఫోనులోంచి ఆ నంబరుకు చేశాడు. ఆయన చెవిలో మోగుతోంది. బల్ల మీద మోగట్లేదు. "హలో" అని ఎవరో మగవాడు ఎత్తాడు. "ఎవరయ్యా నువ్వు?" అనగానే పెట్టేశాడు.

అప్పుడు మెసేజీలు తెరిచారు. మూడింట్లోనూ ఒకటే మాట. మీ నంబరుకు కొత్త సిమ్ కోరారు, కోరింది మీరు కాకపోతే వెంటనే వద్దని జవాబివ్వండి.

బ్యాంకు ఖాతా కూడా ఆ నంబరుకే ముడిపడి ఉంది. సాయంత్రానికి అందులో ఏమీ లేదు. భర్త తల పట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు.

"మొత్తం ఊడ్చేశారు. వింటున్నావా?"

"వాడిప్పుడు చేస్తే ఎలాగండీ?" అంది ఆమె.

"ఎవడు?"

ఆమె జేబులోంచి చిన్న ఫోను తీసి, గీతలు వచ్చాయేమోనని చూసింది.

తొమ్మిది రోజులు షాపుకూ పోలీసు స్టేషనుకూ తిరిగింది. కౌంటరు అమ్మాయి స్క్రీను చూసి, ఆమె ముఖం చూడకుండా చెప్పింది.

"అన్నీ సరిగ్గా చెప్పారు మేడమ్. పుట్టిన తేదీ, కార్డు నంబరు, రహస్యపు మాట. ఆ మాట మీరు ఎవరికైనా చెప్పారా?"

ఆమె షాపు అద్దంలోంచి వేలు చూపించింది. రోడ్డవతల కరెంటు స్తంభానికి, వానకు సగం ఊడి, గోళీ ఫొటో వేలాడుతోంది. ఆ అమ్మాయి లేచి అద్దం దగ్గరికెళ్లి చదివింది. తిరిగొచ్చి కూర్చుని ఆమె ఫిర్యాదు కాగితం ముందుకు లాక్కుంది.

పదోరోజు సిమ్ ఇచ్చారు. గీతలు వచ్చాయి. ఆమె లేవలేదు.

"ఇంకేంటి మేడమ్?"

"ఈ తొమ్మిది రోజుల్లో దీనికి ఎవరైనా చేశారా అమ్మా?"

"అది మేం చెప్పకూడదండీ. కోర్టు కాగితం కావాలి."

"నాకు దొంగలొద్దు. వాళ్లని ఏమీ చెయ్యకండి. తెలియని నంబరు ఏదైనా వచ్చిందా, అదొక్కటే."

ఆ అమ్మాయి వెనక్కి, మేనేజరు గది వైపు చూసింది. స్క్రీను మీద వేలు కిందికి నడిపించింది. చీటీ మీద ఒక నంబరు రాసి బల్ల మీదుగా జరిపింది.

"ల్యాండ్‌లైన్. గురువారం పొద్దున ఆరూ నలభైకి. ఎత్తారు. నలభై సెకన్లు. నేను చెప్పలేదు మేడమ్."

షాపు మెట్ల మీదే కూర్చుని ఆ నంబరుకు చేసింది. అది ఆరేడు గంటల ప్రయాణమంత దూరంలో ఉన్న ఒక ఊరి బస్టాండు, పార్సిలు కౌంటరు. ఎత్తినవాడికి తీరిక లేదు.

"గురువారమా? ఎవరెవరో అడుగుతుంటారమ్మా, ఒక్క కాల్ అని. గుర్తుండాలిగా."

"మగమనిషి. ముప్ఫై ఆరేళ్లు."

"పొద్దున్నే ఒకాయన చేశాడు మరి. గడ్డం. ఒక్క కాల్ చెయ్యనియ్యి అని ఎంతసేపో నిలబడితే ఇచ్చాను. మీరెవరు?"

"ఏం మాట్లాడాడు?"

"మాట్లాడిందేముంది. అవతల ఎవడో రాంగ్ నంబరు అన్నట్టున్నాడు. అక్క అక్క అన్నాడు ఇతను. మళ్లీ చెయ్యవయ్యా, తప్పు నొక్కి ఉంటావు అన్నాను. వద్దు, నంబరు నాకు బాగా వచ్చు, అది ఇప్పుడు మా అక్కది కాదంట అన్నాడు. వెళ్లిపోయాడు."

"ఎటు వెళ్లాడు?"

"బస్టాండమ్మా ఇది. ఎటైనా వెళ్తారు."

"మీ దగ్గర రాసి పెట్టండి బాబూ. ఆ నంబరు అక్కదేనని. మళ్లీ వస్తే చెప్పండి."

"పేరు?"

ఆమె నోరు తెరిచింది. అంతలో అతను, "ఒక్క నిమిషం, ఉండండి," అని రిసీవరు బల్ల మీద పెట్టి ఎవరి పెట్టెనో తూకం వేయడానికి వెళ్లాడు. అవతల బస్సు ఇంజను, ఏదో ఊరి పేరు అరుస్తున్న కండక్టరు, ఒక దగ్గు, బేరమాడుతున్న మగ గొంతులు. ఆమె రెండో చెవి అరచేత్తో మూసుకుని ఒక్కో గొంతూ వింది. కాసేపటికి ఎవరో రిసీవరు తీసి, చూసుకోకుండా దాని చోట పెట్టేశారు. తిరిగి చేసింది. ఎంగేజ్ వచ్చింది.