పదకొండు బొట్టుబిళ్ళలు

మా తోడికోడలు సూర్యకళ పేరు చెబితే పాలకొల్లు బజార్లో ఎవరికైనా ముందు పిట్టలే గుర్తొస్తాయి. పాతికేళ్ళుగా ఫ్యాన్సీ షాపు నడుపుతున్నాం. గాజులూ రిబ్బన్లూ కొనడానికి వచ్చినవాళ్ళు సైతం "మీ మేడమీద రంగు పిట్టలున్నాయటగదండీ" అంటూ మొదలుపెడతారు. నాకు ఒళ్ళు మండేది. ఇంత షాపు వాళ్ళ కంటికి ఆనలేదు గానీ గుప్పెడు పిట్టలు ఆనాయి.

అవి కౌజుపిట్టలే గానీ హోటళ్ళలో వండే రకం కాదు. వీటి పక్కన అవి దున్నపోతుల్లా ఉంటాయి. ఇవి గుప్పిట్లో ఇమిడిపోతాయి. మగదానికి రొమ్ము నీలం, పొట్ట ఇటుక రంగు, గొంతు కింద తెల్ల పట్టీ. ఆడది ఎండుగడ్డి రంగులో ఉండి కదిలితే తప్ప కనపడదు. ఆరేళ్ళ కిందట షాపుకు సరుకు తెస్తానని రాజమండ్రి వెళ్ళిన మనిషి సరుకుతో పాటు అట్టపెట్టెలో ఓ జంటను తెచ్చింది. ఆమె భర్త, మా మరిది మురళీకృష్ణ, నవ్వి ఊరుకున్నాడు. నేను ఊరుకోలేదు. మా ఇంట్లో గుడ్డు గడప దాటదు. కేకు కొన్నా గుడ్డు లేనిదేనా అని రెండుసార్లు అడిగి తెచ్చుకుంటాం. అలాంటి ఇంట్లోకి గుడ్లు పెట్టే పిట్టలేంటని నిలదీశాను. మేడమీదే ఉంచుతానని, ఒక్క గుడ్డు కూడా మెట్లు దిగి కిందికి రాదని మాటిచ్చింది. ఆ మాట తప్పలేదు, అది ఒప్పుకోవాలి.

మేడమీద రేకుల షెడ్డులో పంజరం కట్టింది. ఈ పిట్టలు బెదిరితే పక్కకు పారిపోవు, నిలువునా పైకి ఎగిరి తల బద్దలుకొట్టుకుంటాయి. అందుకని పంజరం కప్పుకు లోపలివైపు పాత దిండు స్పాంజి కుట్టింది. గాజుల డబ్బా మూతల్లో నీళ్ళు పోసి, పిల్లలు మునిగిపోకుండా వాటిలో గోళీలు పరిచింది. షాపులో సరుకు ఎక్కడికి పోతోందో నాకు అప్పుడర్థమైంది.

ఇంత చేసినా ఆడపిట్టలు గుడ్ల మీద కూర్చోవు. నడుస్తూ నడుస్తూ ఎక్కడబడితే అక్కడ పెట్టి పోతాయి. మిషన్లో పొదిగించీ పొదిగించీ వాటికి తల్లితనం మరుపొచ్చిందని పెంచేవాళ్ళంతా అంటారట. మొదటి ఏడాది సూర్యకళ కూడా థర్మోకోల్ పెట్టెలో బల్బు పెట్టి పిల్లలు చేయించింది. ఒక్కోటి ఉసిరికాయంత. ఎవరి వెనక నడవాలో తెలియక అవి మూలమూలా తిరుగుతుంటే చూడలేకపోయింది, అవి పెద్దవయ్యాక ఆ పెట్టె అటకెక్కించేసింది. ఇక పొదిగితే తల్లే పొదగాలి అంది. పిట్ట మర్చిపోలేదట, దానికి కాస్త చాటు ఎవరూ ఇవ్వలేదట. అప్పటినుంచి గడ్డి మార్చడం, కొబ్బరిపీచు పరచడం, తాటాకు అడ్డం కట్టడం, ఎదురుచూడడం. పొదగని గుడ్లను పూలకుండీల్లో పాతిపెట్టేది. మా మేడమీద మందారాలు అంత విరగబూయడానికి కారణం అదే. ఫోన్లో పిట్టలవాళ్ళ గ్రూపులో అందరూ ఆ ఆశ వదులుకోమన్నారు. ఇంట్లో ఆ మాట రోజూ అన్నది మాత్రం నేనే.

మొన్న శ్రావణంలో ఒక పిట్ట గడ్డిలోకి దూరి బయటికి రావడం మానేసింది. తిండికి ఒక్కసారి వచ్చి గబగబా తిని మళ్ళీ లోపలికి పోయేది. నిజంగా పొదుగుతోందో, ఊరికే దాక్కుందో సూర్యకళకు తెలియలేదు. చెయ్యి పెట్టి చూస్తే లేచిపోతుందని భయం. పిల్లలు కావడానికి పదహారు రోజులు. రోజుకొక ఎర్ర బొట్టుబిళ్ళ పంజరం తలుపుకు అంటిస్తూ వచ్చింది.

పదకొండో బిళ్ళ అంటించిన రోజు గురువారం. మర్నాడు వరలక్ష్మీవ్రతం. గాజుల గిరాకీకి సూర్యకళ పొద్దుటినుంచీ షాపులోనే ఉంది. పంజరం జోలికి వెళ్ళొద్దని నాకు చెప్పే వెళ్ళింది. కానీ నేను చీపురు పట్టానంటే మధ్యలో ఆగే మనిషిని కాను. పేరంటాళ్ళు వచ్చే ఇల్లు, మేడమీద ఆ వాసనేంటి అనుకున్నాను. పిట్ట తిండికి లేచినప్పుడు చూస్తే గడ్డిలో ఏడు గుడ్లు, రెట్టలు అంటుకుని ఉన్నాయి. పాపం అనిపించింది, ప్రమాణం చేసి చెబుతున్నాను. పుట్టి బుద్ధెరిగి గుడ్డు ముట్టనిదాన్ని, ఎలాగూ స్నానం చేస్తాను కదా అని ఒక్కొక్కటే చేత్తో తీసి పసుపునీళ్ళలో శుభ్రంగా కడిగాను. పాత గడ్డి పారేసి, కొత్త గడ్డి పరిచి, గుడ్లను గుండ్రంగా అమర్చాను. ముచ్చటగా ఉన్నాయనుకున్నాను కూడా.

పిట్ట మళ్ళీ వాటి దగ్గరికి రాలేదు. సాయంత్రందాకా మూడుసార్లు వెళ్ళి చూశాను. మూలన నిలబడే ఉంది. మర్నాడు వ్రతకథ వింటూ అక్షింతలు పట్టుకున్నానే గానీ ఒక్క ముక్క చెవికెక్కలేదు.

పేరంటాళ్ళు వెళ్ళిపోయాక గానీ సూర్యకళకు మేడమీదికి వెళ్ళడం కుదరలేదు. వెనకాలే వెళ్ళాను. మగపిట్ట కాళ్ళతో చెదరగొట్టినట్టుంది, కొత్త గడ్డి చెల్లాచెదురై నా పనితనం కనపడకుండా పోయింది. గుడ్లు విడివిడిగా పడి ఉన్నాయి. తలుపు మీది బొట్టుబిళ్ళలు ఒక్కొక్కటే పీకుతూ, అందరూ చెప్పిందే నిజమని, ఇవి మర్చిపోయాయని, ఇన్నేళ్ళూ తనే లేనిది ఊహించుకుందని, అన్నిటినీ ఎవరికైనా ఇచ్చేస్తానని చెప్పింది. గొంతులో కోపం లేదు. అదే చూసి నాకు భయమేసింది. నేను నోరు మూసుకుంటే ఆ తప్పు పిట్ట మీద ఉండిపోతుంది. నాలుగో బిళ్ళ పీకేసరికి ఉండబట్టలేకపోయాను.

"కళా, అది తనంతట తాను లేచిపోలేదు. నేనే నిన్న గుడ్లు తీసి కడిగాను."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. తను నా చేతుల వంక చూసింది.

"చేత్తో తీశారా అక్కా?"

తీశానన్నాను.

"తీసినప్పుడు ఎలా ఉన్నాయి?"

"వెచ్చగా ఉన్నాయి" అన్నాను. "గుడ్లు అలాగే ఉంటాయనుకున్నాను."

"ఉండవక్కా" అంది. "తల్లి కూర్చోకపోతే చల్లగా ఉంటాయి."

అలా అని కళ్ళు తుడుచుకుని, చేతిలోని నాలుగు బిళ్ళలూ మళ్ళీ తలుపుకు అంటించడం మొదలుపెట్టింది. జిగురు పోయి ఒకటి నిలవలేదు. నేను కిందికి వెళ్ళి షాపులోంచి కొత్త బొట్టుబిళ్ళల అట్ట తెచ్చి ఇచ్చాను.