నర్సమ్మగారి ఇల్లు ఒలిచిన ఆదివారం

నీళ్లతో ఇల్లు కూల్చవచ్చా అని మిమ్మల్ని ఎవరైనా అడిగితే, నా దగ్గరికి పంపండి. కూల్చవచ్చు. వరద అక్కర్లేదు, తుఫాను అక్కర్లేదు. ఆదివారం ఇడ్లీ తిని ఎనిమిదిన్నరకు మొదలుపెడితే పదకొండింటికల్లా పని దాదాపు పూర్తవుతుంది. కావలసిందల్లా ఒక ప్రెషర్ వాషర్, ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు, ఎవరు చెప్పినా వినని ఒక మగవాడు. ఆ మూడోది నేనే. పేరు సుబ్రహ్మణ్యం, సొంతూరు అమలాపురం దగ్గర, అప్పటికి వయసు ఇరవై తొమ్మిది. ఉద్యోగం ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక అద్దాల మేడ పదకొండో అంతస్తులో. అంత ఎత్తున కూర్చుని పనిచేసేవాడికి కింద ఉన్నవన్నీ సులువుగానే కనిపిస్తాయి లెండి.

ఆ మేడకు నడిచి వెళ్లేంత దూరంలో, నానక్‌రామ్‌గూడ పాత ఊళ్లో మేము అద్దెకుండేవాళ్లం. కింద మేము, పైన ఇంటావిడ నర్సమ్మగారు. చుట్టూ టవర్లు లేచినా ఆవిడ తన పాత ఇంటిని అమ్మలేదు. అరుగు, షాబాదు బండల వాకిలి, మూలన ఒక జామచెట్టు. మా ఆవిడ లలితకు ఆ ఇల్లంటే ప్రాణం. అంతకుముందు మేము బాచుపల్లిలో ఉండేవాళ్లం. అక్కడినుంచి రోజూ బస్సులో రెండు గంటలు ఊగి ఆఫీసుకు వచ్చిన మనిషికి, పది నిమిషాల్లో ఇల్లు చేరడం ఎంత భాగ్యమో వేరే చెప్పాలా?

అలాంటి ఇంటికి ఆ ఆషాఢంలో గండం వచ్చింది. ఒక సాయంత్రం నర్సమ్మగారు మెట్లు దిగి వచ్చి అరుగు మీద కూర్చుని, కాసేపు ఆ మాటా ఈ మాటా చెప్పి, చివరికి అసలు సంగతి బయటపెట్టారు.

"మా చెల్లె కొడుకు మహేష్ లేడా, ఆనికి గీడ్నే నౌకరి దొరికింది. కింది పోర్షన్ నాకియ్యి పెద్దమ్మా అంటుండు. వచ్చే ఆదివారం పెండ్లాన్ని తోల్కొచ్చి చూస్తడట. ఆల్లకు నచ్చితే మీరు జర వేరే ఇల్లు చూస్కోవాలె బిడ్డా."

లలిత ముఖం వాడిపోయింది. "అయ్యో, అదేంటి పిన్నిగారూ, మేమేమైనా తప్పు చేశామా?"

"తప్పేంది, మీరు మంచోల్లు. కని సొంతోడు అడుగుతుంటే ఎట్ల కాదంట?" అని ఆవిడ లేచి, వాకిట్లోకి చూసి నిట్టూర్చారు. "గీ వానలకు బండలన్ని పాకురు పట్టినయి. మొన్న జారి పడబోయిన. బోనాలకు ఇల్లు సాఫ్ చేపియ్యాలె, మనుషులే దొరుకుతలేరు."

"మనుషులెందుకండీ, నేను లేనూ!" అన్నాను.

లలిత నా మోచేతి మీద గిల్లింది. ఆవిడ పైకి వెళ్లాక నా పథకం వివరించాను. ఇంటిని అద్దంలా మెరిపిస్తాను. ఇంత పనికొచ్చే మనిషిని ఏ ఇంటావిడైనా వదులుకుంటుందా?

"ఏమండీ," అంది లలిత మెల్లగా, "ఇల్లు మెరిస్తే ఆ మహేష్‌కి ఇంకా నచ్చుతుంది కదండీ?"

"నీకు స్ట్రాటజీ తెలియదు," అన్నాను. పాఠక మహాశయులారా, ఆ ఇంట్లో ఆలోచన ఉన్న మనిషి ఎవరో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది.

ఇక నీళ్లను ఒత్తిడితో చిమ్మే ఆ ప్రెషర్ వాషర్ మిషన్ ఎంపిక. మా ఆఫీసు వాళ్లు కొబ్బరికాయ కొనాలన్నా ఎక్సెల్ షీట్ తెరుస్తారు. నేనూ తెరిచాను. అయిదు మిషన్లు, తొమ్మిది కాలమ్‌లు. ఎన్ని బార్ల ఒత్తిడి, నిమిషానికి ఎన్ని లీటర్లు, గొట్టం పొడవెంత, ఆఖరికి రంగు కూడా రాశాను. 'కడగబోయేది ఏమిటి' అనే కాలమ్ మాత్రం పెట్టలేదు. ఏ అంకె పెద్దదైతే ఆ గడికి ఆకుపచ్చ రంగు వేశాను. క్యాంటీన్‌లో ముగ్గురు సహోద్యోగులు దాన్ని చూసి 'సూపర్' అన్నారు. ఆ ముగ్గురిలో ఒక్కరికీ సొంత వాకిలి లేదు.

శనివారం బోరబండ వైపు మోటార్లు అమ్మే ఒక దుకాణానికి వెళ్లాను. దుకాణదారుకు యాభై ఏళ్లుంటాయి, ఓపికగల మనిషి.

"ఏం కడుగుతరు సార్?"

"ఇల్లు."

"ఇల్లంటే? బండలా, టైల్సా, సున్నం గోడలా?"

"అన్నీ."

"గట్ల కాదు సార్. ఇంటికైతే గీ చిన్నది బస్. బండలు కడుగుతరు, బైకు కడుగుతరు, ఖతం. మీరు చూపెడుతున్నది లారీలు కడిగేది."

"చిన్నది ఎన్ని బార్లండీ?"

"నూట పది."

"పెద్దది?"

"నూట తొంబై."

"మరి నూట తొంభై ఎక్కువ కదా?"

ఆయన నన్ను కాసేపు చూసి, "ఎక్కువనే సార్," అని ఒప్పుకున్నాడు. లెక్కల్లో నన్నెవరూ ఓడించలేరు.

పాపం ఆయన అక్కడితో వదలలేదు. చిన్న చిన్న నాజిళ్లు నాలుగు చేతిలో పోసి చెప్పడం మొదలుపెట్టాడు. "గీ తెల్లది పెట్టుండ్రి, నీళ్లు విసనకర్ర లెక్క పరుసుకుంటయి. ఎర్రదాని జోలికి పోకుండ్రి, ఒక్క గీత లెక్క గట్టిగ కొడ్తది, సిమెంటును గూడ తింటది. ముందుగాల ఓ మూలకు కొట్టి చూసుకోండ్రి. దూరంకెల్లి మొదలువెట్టుండ్రి. కాళ్లకు బూట్లు, కండ్లకు అద్దాలు మర్వొద్దు. చెయ్యి అడ్డం పెడితే తోలు లేస్తది. కరెంటు బోర్డు నీళ్లకు దూరముంచుండ్రి. సున్నం గోడ మీద అస్సలు కొట్టొద్దు. ఇంటున్నరా సార్?"

నేను మిషన్ ఫొటో తీసి ఆఫీసు గ్రూపులో పెడుతున్నాను. ఆయన చెప్పిన మంచి మాటలన్నిటిలో నా బుర్రకెక్కింది ఒక్కటే, ఎర్రది గట్టిగా కొడుతుందని.

ఆదివారం వచ్చింది. లుంగీ ఎగ్గట్టాను, హవాయి చెప్పులు తొడిగాను. కళ్లకు పెట్టుకోవలసిన అద్దాలు ఫొటో బాగా రావాలని నెత్తి మీద పెట్టాను. ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పాల ప్యాకెట్ కవరు చుట్టి వాకిట్లో పడేశాను. గన్ను మూతికి ఎర్ర నాజిల్ బిగించి, "నర్సమ్మగారూ, ఒకసారి చూడండి, డెమో ఇస్తాను!" అని కేకేశాను.

ఆవిడ పైన పిట్టగోడ దగ్గర నిలబడ్డారు. మీట నొక్కాను. మిషన్ గర్జించింది, గన్ను నన్ను ఒక అడుగు వెనక్కి తోసింది, ఎదురుగా బండ మీద పాకుడు చాపలా లేచిపోయింది. కింద నున్నటి రాయి బయటపడింది.

"అబ్బ! నా బండలు గింత మంచిగుండెనా!" అన్నారు నర్సమ్మగారు.

అక్కడితో ఆపి ఉంటే ఈ కథ లేదు. కానీ మా కంపెనీలో అయిదేళ్లుగా నన్నెవరూ అంత మనస్ఫూర్తిగా మెచ్చుకోలేదు. అర్ధగంటలో వాకిలి మొత్తం కడిగేశాను. ఆ తర్వాత గన్ను గోడవైపు తిప్పాను.

"గోడ ఒద్దు బిడ్డా! పాత సున్నం!"

"మీరు చూస్తూ ఉండండి!"

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. ఆ ఇంట్లో ఏటా బోనాలకు గోడలకు రంగు సున్నం వేసేవారు, రంగు మాత్రం ఇంట్లో ఏదైనా శుభకార్యం జరిగిన ఏడే మార్చేవారు. పాతది గీకడం వగైరా ఏమీ లేదు, దాని మీదే కొత్తది. అలా ఎన్ని పొరలు చేరాయో ఆ దేవుడికే తెలియాలి. నీటి దెబ్బకు పైనున్న నీలం ఊడింది. కింద పచ్చ. పచ్చ పోతే పసుపు. నర్సమ్మగారు గబగబా కిందికి దిగి వచ్చారు. తిడతారనుకుని నేను మీట వదిలాను. ఆవిడ గోడను వేళ్లతో తాకారు.

"గీ పచ్చ రంగు నా పెద్ద బిడ్డ పెండ్లికి ఏసినం," అన్నారు. "పసుపుపచ్చది చిన్నోడు పుట్టిన ఏడు."

ఆవిడ గొంతు మెత్తబడింది. నాకు ఉత్సాహం పొంగింది. ఇంకో పొర లేపాను. కింద గులాబి రంగు.

"ఓర్నీ! గిది మా ఆయన తెచ్చిన రంగు! ఎవ్వలికి నచ్చలే. మిఠాయి దుకాణం లెక్కున్నదని నవ్విండ్రు," అని ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ నవ్వు చూసి, ఇక ఈ ఇల్లు మాదే అనుకున్నాను. ఇంకొక్క పొర లేపితే ఆవిడ పెళ్లినాటి రంగు కూడా వస్తుందని గన్ను గోడకు జానెడు దూరంలోకి జరిపాను.

గులాబి తర్వాత రంగు లేదు. గులాబి తర్వాత మట్టి, మట్టి తర్వాత రాళ్లు. మంచమంత పెచ్చు ఒకటి దబ్బున జామచెట్టు మొదట్లో పడింది.

"ఆపు!" అని నర్సమ్మగారు అరిచారు. మిషన్ మోతలో నాకు వినపడలేదు.

"ఏమిటండీ?" అని అటు తిరిగాను. మనిషి తిరిగితే చేతిలోని గన్నూ తిరుగుతుందని నాకు అప్పుడే తెలిసింది. ఆవిడ చటుక్కున వంగారు కాబట్టి సరిపోయింది. నీళ్లు గడపను తాకాయి. పసుపు పూసి బొట్లు పెట్టిన గడప చెక్క పేళ్లుగా లేచింది. అక్కడినుంచి కిటికీ. దోమల జాలీ చిరిగింది, లోపల పరుపు తడిసింది, గోడ మీది క్యాలెండర్ ఎగిరి వంటింట్లో లలిత కాళ్ల దగ్గర పడింది. మీట వదలాలని తెలుసు, కానీ కంగారులో వేలు ఇంకా బిగుసుకుంది. సున్నపు బురద మీద హవాయి చెప్పు జారి వెల్లకిలా పడ్డాను. పడ్డవాణ్ని కూడా వదలకుండా నొక్కుతూనే ఉన్నాను. పై సజ్జ అడుగున ఉన్న సున్నమంతా నా మీద రాలింది.

ఉన్నట్టుండి మిషన్ ఆగిపోయింది. లలిత లోపల మెయిన్ స్విచ్ ఆపేసింది. బయటికి వచ్చి వాకిట్లో చూసింది. నీళ్లు ఎక్స్‌టెన్షన్ బోర్డును చుట్టుముట్టాయి, పాల ప్యాకెట్ కవరు ఎప్పుడో ఊడి తేలుతోంది.

"మీకు బతకాలని లేదా? మీకేమైనా అయితే నేనేం కావాలి?" అని ఏడ్చేసింది. నాకు నవ్వు రాలేదు. ఇవాళ కూడా ఆ మాట తలుచుకుంటే సిగ్గేస్తుంది.

సరిగ్గా అప్పుడే గేటు కిర్రుమంది. మహేష్, అతని భార్య వచ్చారు. మొండి గోడ, విరిగిన గడప, బురదలో తెల్లగా పడి ఉన్న నేను. మహేష్ నోరు తెరిచాడు.

"ఏంది పెద్దమ్మా, ఇల్లు కూలగొడుతున్నరా?"

"లేదురా, కడుగుతున్నం," అన్నారు నర్సమ్మగారు.

అతని భార్య గడప దాటలేదు. రాళ్లు కనిపిస్తున్న గోడను చూసి, మహేష్ చొక్కా పట్టుకుని లాగింది. "జోరుగ వానొస్తే గిది మన మీదనే పడ్తది. నేను రాను." ఇద్దరూ చాయ్ కూడా తాగకుండా, వచ్చిన బండి మీదే వెళ్లిపోయారు.

నేను లేచి చేతులు జోడించాను. "క్షమించండి నర్సమ్మగారూ. అంతా బాగు చేయిస్తాను. ఈ వారమే ఖాళీ చేసి వెళ్లిపోతాం."

ఆవిడ అరుగు మీద కూలబడ్డారు. గోడను చూశారు, నన్ను చూశారు.

"యాడికి పోతవు బిడ్డా? నువ్వు పోతే గీ ఇంట్లకు ఎవడొస్తడు? చూస్తివి గద, సొంత చెల్లె కొడుకే ఉరికిండు. ఒలిసినోడివి నువ్వే, ఉండేటోడివి నువ్వే. ఇగ ఎల్లిపోతనంటే నేనూకోను."

లలిత కళ్లు తుడుచుకుంటూ నా వైపు తిరిగింది. "మీ స్ట్రాటజీ పనిచేసిందండీ," అంది.

తర్వాతి శని ఆదివారాలు తాపీమేస్త్రీ వెనకాల తట్టలు మోశాను. బోనాల ముందురోజు గోడకు కొత్త సున్నం పడింది. రంగు నర్సమ్మగారే ఎంచుకున్నారు. గులాబి. మిఠాయి దుకాణంలా ఉందని నేను అనలేదు.

ఆ సాయంత్రం ఇద్దరు ఆడవాళ్ల సాక్షిగా నిటారుగా నిలబడి, గోడ మీద కుడి చెయ్యి ఆనించి, గంభీరంగా ప్రమాణం చేశాను. "సుబ్రహ్మణ్యం అనబడే నేను, నా ఒంట్లో ఊపిరి ఉన్నంతవరకు, చెంబు కన్నా బలమైన నీటి ఆయుధాన్ని చేత పట్టను. బండలను చీపురుతోనే కడుగుతాను. ఈ గోడ జోలికి ఇంకెప్పుడూ రాను."

"ముందుగాల ఆ చెయ్యి తియ్యి బిడ్డా," అన్నారు నర్సమ్మగారు. "సున్నం ఇంక ఆరలే."