సుడిగాలి నాది, మెప్పు తోడల్లుడిది

నాది ఇటిక్యాలలో పంక్చర్ షాపు. ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టినా, ఫోన్లో రాడార్ చూసి మబ్బు ఎటు పోతుందో చెప్పడమంటే నాకు పిచ్చి. మా మామ మాత్రం నన్ను నమ్మడు. ఆయనకు చిన్నల్లుడు, అంటే నా తోడల్లుడు రమేశ్ మాటే వేదం. రమేశ్‌కు గద్వాలలో బట్టల దుకాణం, దానికంటే ముందుకొచ్చిన పొట్ట ఉన్నాయి.

మొన్న ఎండాకాలం రాజోలిలో మామ మిర్చి కల్లంలో ఆరబోశాడు. ఏడాది కష్టమంతా అదే. సాయానికి అల్లుళ్లమిద్దరం వెళ్లాం. రాడార్‌లో ఎర్రటి ముద్ద మా మీదికే వస్తోంది.

"మామా, చెడగొట్టు వాన వస్తున్నది. గాలి గూడ గట్టిగుంటది. పరదా కప్పుదాం" అన్నాను.

మామ నన్ను దాటి చూసి, "రమేశూ, నువ్వేమంటవ్?" అన్నాడు.

"కప్పితే పోయేదేముంది మామా" అన్నాడు రమేశ్. అప్పుడు లేచాడు మామ.

పరదా కప్పామో లేదో, చేలోంచి సుడిగాలి దుమ్ము లేపుకుంటూ వచ్చి పడింది. నేను పట్టుకున్న మూల పైకి లేచి నన్ను పక్క చేను కంచెలో విసిరేసింది. ప్రాణం ఉంది గానీ లుంగీ లేదు. తలెత్తి చూస్తే రమేశ్ పరదా మీద బోర్లా పడుకుని ఉన్నాడు. ఆయన్ని కదిలించే గాలి ఇంకా పుట్టలేదు. వాన దంచి పోయినా ఒక్క కాయ తడవలేదు.

"చిన్నల్లుడు లేకుంటే మునుగుతుంటిమి" అని మామ ఊరంతా చెప్పాడు. ముందే చెప్పింది నేనని ఎవరికీ గుర్తు లేదు. లుంగీ సంగతి మాత్రం అందరికీ గుర్తుంది. నా కడుపుమంట ఏ వానకూ ఆరడం లేదు.

ఇప్పుడు మబ్బు పడితే మామ నాకే ఫోన్ చేస్తాడు.

"గాలి ఉన్నదా అల్లుడా?"

"ఉన్నది మామా."

"అయితే జర రమేశును రమ్మని చెప్పు."