జామాకు వాసన

ఈ మాట ఇన్నేళ్లుగా గొంతులోనే ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఎనభైల్లో మణుగూరు దగ్గర బొగ్గు గనిలో పనిచేసేవాణ్ణి. వీరయ్య నా జోడీ. కాలనీలో మా పక్క క్వార్టరే. షిఫ్టు అయ్యాక ఇద్దరం సైకిళ్ల మీద అడవిలోని గూడేనికి వెళ్లి ఇప్పసారా తాగి వచ్చేవాళ్లం. నేను ఒక గ్లాసుతో ఆగేవాణ్ణి. అతను ఆగేవాడు కాదు. పోనుపోను పొద్దున పనికొచ్చే ముందు కూడా పడాల్సి వచ్చింది, లేకపోతే చేతులు వణికేవి. గనిలో దిగేముందు మా మీద అజమాయిషీ చేసే సర్దారు వాసన పసిగడితే పని పోయినట్టే. మా పెరట్లో జామచెట్టు ఉండేది. లేతాకులు నమిలితే నోటి వాసన పోతుందని నేర్పింది నేనే. రోజూ కోసి జేబులో వేసుకెళ్లేవాణ్ణి. స్నేహితుడి కూడు నిలబెడుతున్నానని ఎంత మురిసిపోయానో!

ఆ ఆకు ఇంకెవరిని మోసం చేస్తోందో నేను ఆలోచించలేదు. వీరయ్య భార్య కౌసల్య రోజూ సాయంత్రం మొగుడి నోరు వాసన చూసేది. కొన్నాళ్లకు సారా వాసన రావడం ఆగిపోయింది. మానేశానని అతను చెప్పాడు, ఆమె నమ్మింది. నేనే మాన్పించానని అనుకుని గిన్నెడు బెల్లమన్నం వండి తెచ్చింది. తిన్నాను.

తర్వాత వీరయ్య కళ్లు పచ్చబడ్డాయి. ముగ్గురం దవాఖానాకు వెళ్లాం.

“తాగుతాడా?” అని అడిగాడు డాక్టరు.

“లేదు సార్, మానేసిండు. కావాలంటే ఈ అన్ననే అడుగుండ్రి,” అంది కౌసల్య.

డాక్టరు నా వైపు చూశాడు. వీరయ్య తలెత్తలేదు.

“లేదు సార్,” అన్నాను.

ఎందుకన్నాను? అతని నౌకరీ పోతుందనా? ఆమె ముందు అతని పరువు పోతుందనా? కాదు. తిన్న బెల్లమన్నం గుర్తొచ్చింది. నా పరువే చూసుకున్నాను. డాక్టరు మామూలు కామెర్లకిచ్చే మందులే రాసిచ్చి పంపాడు. ఇంట్లో కౌసల్య ఉప్పు లేని పథ్యం వండి పెడుతుంటే, నేను పలకరించే నెపంతో సారా సీసా చేరవేశాను. అతని వణుకు చూడలేకపోయాను. సీసాతో పాటు జామాకులు కూడా ఇచ్చాను. వానాకాలం రాకముందే వీరయ్య పోయాడు.

కౌసల్య ఇప్పుడు జూలూరుపాడులో కొడుకు దగ్గర ఉంటోంది. పెళ్లిళ్లలో కనిపిస్తే నా చెయ్యి పట్టుకుంటుంది. “నువ్వు తాగుడు మాన్పిచ్చినా ఆ దేవుడు బతకనియ్యలేదన్నా” అంటుంది. నేను చేసిన దానికి ఆమె దేవుణ్ణి తిడుతుంది. నేను తల వంచుకుంటాను, అది దుఃఖమనుకుంటుంది.

నిజం చెప్పి ఉంటే బతికేవాడా? ఏమో. కానీ తన మొగుణ్ణి ఏది తినేస్తోందో ఆమెకు తెలిసేది. కౌసల్య మొండిమనిషి, సీసా చేతికి దొరికితే ఊరుకునేది కాదు. ఆ కొట్లాటే ఆమెకు దక్కకుండా చేశాను.

ఆమె ముందు నోరు పెగలదు. ఇకముందూ పెగలదేమో. ఆ రోజు డాక్టరుకు చెప్పాల్సింది మాత్రం ఈ కాగితం మీద పెడుతున్నాను.

అవ్ సార్, తాగుతడు. వాసన రాకుండ జామాకు నేనే తెచ్చిస్తున్న.