రేసుకారు, దోసెపిండి

పోయిన ఆదివారం సాయంత్రం మా ఫ్యామిలీ గ్రూపులో నేను పెట్టిన ఒక్క మెసేజ్ వల్ల, మా అత్తగారి తరఫు వాళ్ళంతా ఇప్పుడు నన్ను చూసి నవ్వు ఆపుకుంటున్నారు. ఆపుకోని వాళ్ళూ ఉన్నారు. ఎట్లాగూ మీ దాకా వస్తుంది. వేరేవాళ్ళు రెండు మాటలు కలిపి చెప్పేలోపు నేనే చెప్పేస్తాను.

నేను నెల్లూరులో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఇల్లు మైపాడులో. మా ఆయన రొయ్యల గుంటలు అక్కడే ఉన్నాయి కాబట్టి, బస్సెక్కి పోయి వచ్చే పని నాది. పాఠాలు రికార్డు చేసుకుందామని ఒక డెస్క్‌టాప్ కొన్నాను. మా అమ్మాయి హాస్టల్‌కి పోతూ పోతూ అందులో కార్ రేస్ గేమ్ ఒకటి వేసి, దానికో ఆట స్టీరింగ్ కూడా తగిలించి, "ఖాళీగా ఉన్నప్పుడు ఆడుకోమ్మా" అని చెప్పింది. నేను ఖాళీగా ఉండే మనిషిని కాదు. అయినా ఆడాను. రికార్డు చేసిన పాఠాల గురించి అడక్కండి. గెలిచిన రేసుల గురించి అడగండి.

ఎవరి మీద గెలిచినట్టు అంటే, మా మరిది రమేష్ మీద. ఉండేది నెల్లూరు టౌన్లో. ప్రతి ఆదివారం సాయంత్రం అతను అక్కణ్ణుంచి, నేను ఇక్కణ్ణుంచి ఆన్‌లైన్లో ఆడతాం. పక్కన ఫోన్లో వీడియో కాల్ కూడా పెట్టుకుంటాం, ఒకరినొకరు ఎత్తిపొడుచుకోవాలి గదా. రమేష్ తన కంప్యూటర్‌ని తనే సామాను కొని బిగించుకున్నాడు. నేను కొనేటప్పుడు కూడా చెప్పినాడు.

"వదినా, రెడీమేడ్ పెట్టె కొనొద్దు. పైకి రంగు రంగు లైట్లు పెడతారు, లోపల ఏం ఉండదు. నేను బిగించి ఇస్తా."

"నువ్వు బిగించిన ఫ్యాను ఇంకా మా వంటింట్లో ఊగతా ఉంది రమేషూ" అని, రెడీమేడే కొన్నాను.

మొదట్లో భలే నడిచింది. చలికాలం మొదలయ్యాక వచ్చింది తంటా. ఆట మొదలుపెట్టిన కాసేపు బాగానే ఉండేది. తర్వాత కారు మెల్లగా నీళ్ళలో నడిచినట్టు నడిచేది. మలుపు తిప్పితే, నేను తిప్పిన సంగతి కారుకు ఆలస్యంగా తెలిసేది. అప్పటికే గోడకు గుద్దుకొని ఉండేదాన్ని. వారం వారం ఇంకా ఎక్కువైంది. వరసగా ఓడిపోతున్నాను. రమేష్ మొహంలో వెలుగు చూడాలి.

"చెప్పినానా లేదా? రెడీమేడ్ అంటే అంతే వదినా. ఈ ఆదివారం కూడా ఓడిపోతే, 'మరిది మాట వినకుండా రెడీమేడ్ కొనడం నా పొరపాటు' అని ఫ్యామిలీ గ్రూపులో పెట్టాలి. సరేనా?"

మా పెళ్ళయిన తర్వాత ఆ ఇంట్లో నేను పొరపాటు ఒప్పుకున్న సందర్భం లేదు. ఇప్పుడూ రాదన్న ధీమాతో సరే అన్నాను.

ఇంక చూడండి నా వైద్యం. ముందు రీస్టార్ట్ చేశాను. డ్రైవర్లు అప్‌డేట్ చేశాను. యాంటీవైరస్ మార్చాను. మెమరీ నిండిందేమోనని ఉన్నవన్నీ తుడిచేశాను. అందులో మా ఆయన రొయ్యల ఫొటోలు పోయినాయి. ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు, ఏం చెప్పాలన్నా ఫొటో తీసి పెడతారు. "పోతే పోయినాయిలే, ఆ రొయ్యల్ని ఎప్పుడో తినేసుంటారు" అన్నారు. ఇంటర్నెట్ వైరు మార్పించాను. చివరికి గేమ్‌లో సెట్టింగులు తగ్గించుకుంటూ వచ్చాను. ముందు నీడలు పోయినాయి. తర్వాత చెట్లకు ఆకులు పోయినాయి. ఆఖరికి రోడ్డు పక్కన జనం కూడా పోయినారు. ఎవరూ లేని ఊళ్ళో నేనొక్కదాన్నే కారు నడుపుతున్నాను, అదీ నడకకన్నా నెమ్మదిగా.

అప్పుడు సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేశాను. మెకానిక్ వచ్చాడు. నేను చాప వేసి, పెట్టె ముందుకు జరిపి, అన్నీ సర్ది కూర్చోబెట్టాను. ఆయన ఏవేవో టెస్టులు పెట్టాడు. గేమ్ కూడా చాలాసేపు ఆడాడు. కారు గాల్లో పోయినట్టు పోయింది.

"బండి బాగానే ఉంది మేడమ్."

"నేను ఆడితే ఆగిపోతా ఉందే."

ఆయన నా వైపు చూసిన చూపు నేను రోజూ పిల్లల వైపు చూసే చూపే. కాబట్టి దాని అర్థం నాకు తెలుసు.

ఆయన పోయాక అన్నీ మళ్ళీ సర్దిపెట్టి ఆడాను. కాసేపటికి కారు ఆగిపోయింది. రెండోసారి పిలిపించాను. రెండోసారీ ఆయన ముందు గుర్రంలా పరిగెత్తింది. "మేడమ్, గేమ్‌లో ప్రాక్టీస్ మోడ్ అని ఒకటుంటుంది" అని చెప్పి, టీ తాగి పోయాడు.

"మా అమ్మ కూడా అంతే" అన్నారు మా ఆయన. "ఇంట్లో మోకాళ్ళు పట్టేసినాయంటది. డాక్టర్ని చూస్తే లేచి నిలబడతది."

ఆదివారం వచ్చింది. సోమవారం టిఫిన్‌కని పిండి రుబ్బి పెట్టి, కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మా ఆయన వెనక మంచం మీద కూర్చున్నారు. గోడకు ఆనించిన ఫోన్లో రమేష్.

మొదటి రౌండు నేనే ముందు. రెండో రౌండులో కారు దగ్గడం మొదలైంది. పెట్టె లోపల ఫ్యాను పడవ ఇంజను లాగా మోత పెడుతోంది. మూడో రౌండులో రమేష్ కారు నన్ను దాటిపోయింది. దాటిపోతూ హారన్ కూడా కొట్టినాడు.

"గ్రూపులో పెట్టు వదినా. నేను రాసిస్తాను, కాపీ చేసుకో."

"నా ఆటలో తప్పు లేదు రమేషూ. ఈ మోత వింటే నీకే తెలుస్తుంది" అని ఫోన్ తీసి పెట్టె వైపు తిప్పాను.

రమేష్ ఫోన్లోకి వంగాడు.

"వదినా, అదేంది?"

"సీపీయూ."

"సీపీయూ మీద ఏంది?"

"కవరు."

ఇక్కడ కవరు గురించి చెప్పాలి. మా ఇంటికి సముద్రం దగ్గర. ఉప్పుగాలికి గేటు గొళ్ళెం ఏడాది ఉండదు. మిక్సీ స్క్రూలు పొడిపొడిగా రాలిపోతాయి. అందుకని మా ఇంట్లో ఇనుము అన్నది ఏదున్నా బట్ట కట్టుకొనే ఉంటుంది. ఫ్రిజ్‌కి ఉంది, వాషింగ్ మెషిన్‌కి ఉంది, గ్యాస్ సిలిండర్‌కి గౌను ఉంది. మా వీధిలో అందరిళ్ళలోనూ అంతే. కంప్యూటర్‌కి కూడా పాత దుప్పటితో నేనే కుట్టాను. స్విచ్ నొక్కడానికి కాజా, వైర్లు పోవడానికి వెనక చిన్న కంత, అంచుకు ఎలాస్టిక్. ముసురు పట్టాక చెమ్మ ఎక్కువైందని లోపల ఇంకో పొర రగ్గు ముక్క కూడా వేసి కుట్టాను. తీసి తొడిగే పని లేకుండా అంత చక్కగా కుదిరింది.

"ఆట ఆడేటప్పుడు కూడా తొడిగే ఉంటుందా?"

"ఉప్పుగాలి ఆటప్పుడు ఆగుతుందా?"

"సర్వీసాయన ఏమీ అనలేదా?"

"ఆయన వచ్చినప్పుడు తీసేశాను. బయటి మనిషి వస్తే మాసిన కవరుతో ఎట్టా చూపిస్తాం?"

చెబుతూ ఉండగానే నాకు ఏదో అర్థం కావడం మొదలైంది. రమేష్ మాత్రం ఇంకా ఫోన్లోకి వంగి చూస్తున్నాడు.

"కవరు మీద ఆ గిన్నె ఏంది వదినా?"

వెనకనుంచి మా ఆయన చెప్పారు. "దోసెపిండి. చలికాలం పిండి పులవదు గదా. దాని మీద పెడితే వెచ్చగా ఉండి భలే పులుస్తా ఉంది."

ఇది నిజం. ఈ చలికాలం మా ఇంటి దోసెల గురించి వీధిలో మంచి పేరొచ్చింది. పెట్టె వెచ్చగా ఉంటుందని నాకు తెలుసు. ఎందుకు వెచ్చగా ఉందని నేను అడగలేదు. అదే వారం నేను క్లాసులో ఉష్ణం ఎట్లా ప్రసరిస్తుందో బోర్డు మీద బాణాలు గీసి మరీ చెప్పి వచ్చాను. అర్థం కాని పిల్లల్ని నిలబెట్టాను కూడా.

రమేష్ నవ్వు ఆగేదాకా ఆగి, గిన్నె దించి, కవరు తీశాను. చెయ్యి పెడితే పెనం మాదిరి కాలింది. వేడి బయటికి పోయే దారి లేక, పాపం పెట్టె తన వేగం తనే తగ్గించుకుంటూ వచ్చింది. టేబుల్ ఫ్యాను తెచ్చి ఎదురుగా పెట్టాను. చల్లబడ్డాక ఇంకో రేసు ఆడాం. ఆకులు, నీడలు, జనం అందర్నీ వెనక్కి రప్పించి ఆడాను. చాలా దూరం తేడాతో గెలిచాను.

"చూశావా, పెట్టె మంచిదే" అన్నాను.

"మంచిదే వదినా, ఒప్పుకుంటా. కానీ పందెం వేసుకున్నది ముందు రేసు మీద. గ్రూపులో ఏదో ఒకటి పెట్టాల్సిందే. రెడీమేడ్ కొనడం తప్పని పెడతావా, జరిగింది జరిగినట్టు పెడతావా, నీ ఇష్టం. నేనైతే నోరు తెరవను."

ఆలోచించాను. పెట్టె మంచిదని చెప్పాలంటే దుప్పటి సంగతి చెప్పాలి. దుప్పటి సంగతి చెబితే పిండి సంగతీ వస్తుంది. గ్రూపులో ఉన్న మా ఆడపడుచు కూతురు నా కాలేజీలోనే, నా క్లాసులోనే ఉంది. నేను నిలబెట్టిన పిల్లల్లో అదీ ఒకటి.

పళ్ళు బిగించి టైప్ చేశాను. 'రమేష్ మాట వినకుండా రెడీమేడ్ కంప్యూటర్ కొనడం నా పొరపాటు.' పాపం, ఏ తప్పూ చేయని పెట్టె మీద నింద వేసి, పరువుతో బయటపడ్డాననుకున్నాను.

అంతలోనే ఫోన్ మోగింది. మా ఆయన గ్రూపులో ఒక ఫొటో పెట్టారు. ఎప్పుడు తీశారో ఏమో, పువ్వుల దుప్పటి తొడుక్కున్న సీపీయూ, దాని నెత్తిన పిండి గిన్నె, ఎదురుగా స్టీరింగ్ మీదికి వంగి పళ్ళు కొరుకుతూ నేను. కింద ఒకటే మాట. 'పెట్టె మంచిదే.'

"ఎందుకండీ పెట్టారు?" అన్నాను.

"మంచి వస్తువును చెడ్డదంటే ఎట్టా?" అన్నారు.

ఆడపడుచు కూతురు నవ్వే బొమ్మలు పెట్టింది. లెక్కపెట్టలేదు. మా అత్తమ్మ మాత్రం వాయిస్ మెసేజ్ పంపింది. "కవరు భలే కుట్టినావమ్మా. మా టీవీకి కూడా అట్టాంటిది ఒకటి కుట్టి పంపు."

ఇప్పుడు కంప్యూటర్ బట్టల్లేకుండా ఉంది. రేసులో నాకు తిరుగు లేదు. కానీ ఆ ఆదివారం పిండి మధ్యలో దించేశాను కదా, పులవలేదు. సోమవారం దోసె అట్టముక్క లాగా వచ్చింది. మా ఆయన దాన్ని విరిచి, రెండు వైపులా తిప్పి చూసి, "వచ్చే ఆదివారం ఒక్కసారి ఓడిపోరాదా?" అన్నారు.

కవరు ఉతికి, మడిచి బీరువాలో పెట్టాను. కింది అరలో కాదు, చేతికందే అరలోనే.