శివన్న వేలిముద్ర

రామలింగప్పకు ఆ రోజు తెల్లవారినప్పటి నుంచీ అన్నిటి మీదా రోతే. కడపకు పోయే రైలు కిక్కిరిసి ఉంది. పక్కవాడు బీడీ పొగ మొహాన ఊదుతున్నాడు. ఎదుటివాడు కిటికీలోంచి ఉమ్మితే సగం లోపలే పడింది. యుద్ధం వచ్చి నూలుకు కంట్రోలు పెట్టినప్పటి నుంచీ నేతగాడి బతుకు ఇలా తగలడిందని తిట్టుకున్నాడు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకొని కూర్చున్నవాడు, ఇప్పుడు నెలకొకసారి నూలు కార్డు పట్టుకొని ఊరుగాని ఊళ్లో వరుసలో నిలబడాలి.

వాళ్లది ఒంటిమిట్టకు అవతల నేతవాళ్ల పల్లె. ఆ రోజు అతనికి కడపలో చేతినిండా పని. తన కార్డు మీద నూలు తీసుకోవాలి, స్నేహితుడు శివన్న కార్డు మీద కూడా తీసుకోవాలి. పోగులు దూర్చే మగ్గం అచ్చులో విరిగిన పళ్ల చోట కొత్తవి వేయించాలి. సాయంత్రం ఆసుపత్రిలో ఉన్న శివన్నను చూడాలి. చూడడమంటే ఊరికే పలకరించి రావడం కాదు. శివన్నకు కూతురు పుట్టిందని చెప్పాలి.

పెళ్లయిన పదకొండేళ్లకు పుట్టిన మొదటి బిడ్డ. కడుపు ఉబ్బి, జ్వరంతో కళ్లు తెరవలేకుండా ఉన్న శివన్నను బండిలో ఆసుపత్రికి వేసుకొని పోయిన ఏడో రోజున అతని భార్య చౌడమ్మ ప్రసవించింది. పురుడు వెళ్లేదాకా ఆమె గడప దాటరాదు. ఆసుపత్రికి తోడుగా పోయిన శివన్న పినతండ్రి కొడుకు బసవన్న మూడు రోజులకే తన మగ్గం ఆగిపోతోందని తిరిగి వచ్చేశాడు. మనిషి కన్నా మగ్గమే ఎక్కువయిందా అని రామలింగప్ప అతన్ని నలుగురిలో నిలబెట్టి కడిగేశాడు. అంతటితో పోనివ్వక, అలాంటివాడి మొహం చూడడమే పాపమని రెండు రోజులు తల తిప్పుకొని నడిచాడు.

బయల్దేరేటప్పుడు చౌడమ్మ, వేపమండలు కట్టిన తలుపు వెనక నుంచి మాట్లాడింది.

"బిడ్డ పుట్టిందని చెప్పన్నా. పేరేం పెట్టమంటాడో అడుగు. ఆయన నోట ఏ పేరొస్తే అదే పెడతా."

"ఆ పనికే కదమ్మా పోతాండేది," అన్నాడు రామలింగప్ప. ఆ మాట అన్నప్పుడు అది నిజమే.

నూలు డిపో ముందు వరుస వీధి మలుపు దాకా ఉంది. ఎండలో రెండు గంటలు నిలబడి గుమాస్తా దగ్గరికి చేరితే, వేలిముద్ర పడలేదని కాగితం విసిరేశాడు. పడదు మరి. కొత్త పడుగును, అంటే నిలువు పోగుల వరుసను, మగ్గానికి ఎక్కించేటప్పుడు దాని పోగులను పాత పోగుల కొసలకు బూడిద అద్ది, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నలిపి అతుకుతారు. ఒక్కొక్క పడుగుకు రెండు వేల పైచిలుకు పోగులు. పదేళ్ల వయసు నుంచీ ఆ పని చేసిన వేలి మీద గీతలెక్కడ మిగులుతాయి? గుమాస్తాకు ఇదంతా ఎవరు చెప్పాలి? తడిగుడ్డతో రుద్ది, సిరా పలచగా పూసి, వేలిని నొక్కకుండా పక్కకు దొర్లించి వేస్తే మూడోసారికి రామలింగప్ప ముద్ర తెలిసింది.

శివన్న నూలుకు మాత్రం శివన్న ముద్రే కావాలన్నాడు గుమాస్తా. ఆసుపత్రిలో ఉంటే ఆసుపత్రికే పోయి వేయించుకు రమ్మన్నాడు. ఈ నెలకు ఆ రోజే ఆఖరు, అయిదింటికి తలుపులు మూస్తారు. కాగితం కూడా ఒక్కటే ఇచ్చాడు. ఆ నూలు రాకపోతే నెలంతా శివన్న మగ్గం పడుకుంటుంది, బాలింత ఇంట్లో పొయ్యి వెలగదు. రామలింగప్ప గుమాస్తా వక్కనోటి వైపు ఏవగింపుగా చూసి, ఒక సిరాబుడ్డి కొనుక్కొని, అచ్చు పళ్లు వేసేవాడి దగ్గర మూడింటిదాకా కూర్చున్నాడు. కూర్చున్నంతసేపూ అతని బుర్రలో తిరిగింది ఒక్కటే, ముద్ర ఎట్లా వేయించాలని.

నాలుగింటికి ఆసుపత్రిలోకి వదిలారు. ఫినాయిలు వాసన, దాని కింద మనుషుల వాసన. పైగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకొని మంచాలు వెతుక్కుంటూ పోయాడు.

శివన్న చివరి మంచం మీద ఉన్నాడు.

"వచ్చినావా రామలింగా," అన్నాడు.

"వచ్చినా లేప్పా. ముందు ఆ ఎడమచెయ్యి ఇట్లియ్యి. పొద్దు లేదు."

పక్క మంచం అతన్ని తడిగుడ్డ అడిగి తీసుకొని శివన్న వేలు రుద్దాడు. వెలుతురుకు తిప్పి చూశాడు. పది రోజులుగా పోగు ముట్టని ఆ వేలి మీద సన్నగా గీతలు మళ్లీ లేస్తున్నాయి. రామలింగప్పకు ఆ రోజు మొట్టమొదటిసారి సంతోషమేసింది. శివన్న చెయ్యి కదిలి, పాత కాగితం ముక్క మీద వేసి చూసిన మొదటి ముద్ర చెదిరిపోయింది. రెండోదానికి సిరా ఎక్కువయింది. మళ్లీ కడిగాడు, మళ్లీ రుద్దాడు.

"ఇంటికాడ ఏమన్నా అయిందా?" అని అడిగాడు శివన్న.

"అందరూ బాగుండారు. నువ్వు కదలొద్దప్పా, చెదిరిపోతాది."

శివన్న చెయ్యి అతనికి వదిలేశాడు. నాలుగోసారికి అసలు కాగితం మీద ముద్ర దివ్యంగా పడింది. రామలింగప్ప దాన్ని ఊది ఆరబెట్టి, చూడు ఎంత బాగా పడిందో అని శివన్న కళ్ల ముందు కూడా పెట్టాడు. చూడవచ్చినవాళ్లు వెళ్లాలని గంట కొట్టారు. అచ్చు భుజాన వేసుకొని డిపోకు పరుగెత్తాడు.

నూలు దొరికింది. ముద్రంటే ఇట్లుండాలని గుమాస్తా మెచ్చుకున్నాడు కూడా. రైలు కోసం స్టేషనులో కూర్చొని, రెండు కట్టలూ ఒడిలో పెట్టుకొని, చౌడమ్మకు ఎట్లా చెప్పాలో, గుమాస్తాతో ఎంత అవస్థ పడ్డాడో మాటలు కూర్చుకుంటున్నాడు. చౌడమ్మ తలుపు వెనక నుంచి మొదట ఏం అడుగుతుందా అనుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది.

రైలు వచ్చి నిలబడింది. ఆసుపత్రిలోకి ఇక మళ్లీ పొద్దున ఎనిమిదింటికే వదులుతారు. ఆ రాత్రి స్టేషనులోనే పడుకొని, పొద్దున పోయి చెప్పి రావచ్చు. కాని తెల్లవారుజామున అతని పడుగుకు గంజి పెట్టాలి. వీధిలో పడుగు చాచి పట్టడానికి పదిమంది ఒప్పుకొని ఉన్నారు, గంజి కాచి ఉంటారు. సోమవారం మళ్లీ వద్దాం, నాలుగు రోజుల్లో ఏం మునిగిపోతుంది అనుకున్నాడు. అనుకొని రైలెక్కాడు. ఎక్కిన తర్వాత బసవన్నను తిట్టిన తిట్లన్నీ ఒకటొకటిగా జ్ఞాపకం వచ్చాయి.

రాత్రి భోజనాల వేళకు పల్లె చేరి, శివన్న అరుగు మీద నూలు కట్ట దించాడు.

"చెప్పినావా అన్నా? ఏమన్నాడు?"

చెప్పలేదని అనడానికే నోరు తెరిచాడు. "నవ్వినాడమ్మా," అంది ఆ నోరు. "వాళ్లమ్మ పేరు పెట్టమన్నాడు, సుంకమ్మని."

తలుపు వెనక చౌడమ్మ ఏడ్చింది, ఏడుస్తూనే బిడ్డను ఆ పేరుతో పిలిచింది. కాసేపటికి అడిగింది.

"మొగం ఎట్లుండాదన్నా? శానా చిక్కినాడా?"

రామలింగప్ప ఆలోచించాడు. శివన్న మొహం అతను చూడలేదు. వేలు అడిగితే గీత గీతా చెప్పగలడు.

"బాగనే ఉండాడమ్మా," అన్నాడు.

శివన్న ఆదివారం పోయాడు. ఎడ్లబండి కట్టుకొని పోయి శవాన్ని తెచ్చింది బసవన్నే. కర్మ రోజున అతను నలుగురి ముందూ రామలింగప్ప చేతులు పట్టుకొన్నాడు. "నేను వదిలేసి వస్తి. నువ్వు పోయి బిడ్డ సంగతి చెప్పి, వాని నోటిమాట తెచ్చినావు. నువ్వు మనిషివప్పా," అని కళ్లనీళ్లు పెట్టుకొన్నాడు. రామలింగప్ప ఆ చేతులు విడిపించుకోలేదు. తన ఒళ్లు తనకే కంపు కొడుతున్నట్టుంటే అట్లాగే కూర్చున్నాడు.

తండ్రి పెట్టిన పేరని ఆ బిడ్డను వీధిలో అందరూ ముద్దుగా సుంకమ్మా అని పిలిచేవారు. రామలింగప్ప మాత్రం, ఆ పిల్ల పెద్దదై అతని మగ్గం దగ్గరికే పోగులు అతకను వచ్చే రోజుల్లో కూడా, ఆ పేరు నోట రాక, "ఓ పాపా" అనేవాడు.