బ్రేకు మీద పాదం

షోరూమ్‌లో ఆయన్ని అందరూ ‘కాలుతీయ్ బాబాయ్’ అనేవాళ్ళు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా బతికి లేదు. పెద్ద బండ్లు అమ్మే ఆ చోట ఆయన పని ఒక్కటే. కొనడానికి వచ్చినవాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళ చేత బండి నడిపించి, క్షేమంగా వెనక్కి తీసుకురావడం. పదకొండేళ్ళుగా ఆ ఎడమ సీటే ఆయన కుర్చీ. అంతకుముందు పద్దెనిమిదేళ్ళు కొండల్లో గనుల లారీ తోలాడు. నడుం పట్టేసి, లారీ ఎక్కాలంటే వెనక నుంచి ఇద్దరు తొయ్యాల్సి వచ్చేసరికి ఆ పని వదిలేశాడు. సొంతానికి ఒక సైకిలుంది. పగలంతా లక్షల బండి గురించి చెప్పి, సాయంత్రం ఆ సైకిలెక్కి ఇంటికెళ్ళేవాడు. అది చూసి సేల్సువాళ్ళు నవ్వుకునేవాళ్ళు. వాళ్ళకీ కారు లేదు, అది వేరే సంగతి.

షోరూమ్ వెనక ఖాళీ స్థలంలో రెండు నిలువుల ఎత్తున మట్టిగుట్ట ఉంది. బాబాయే దగ్గరుండి పోయించాడు. ఎక్కేవైపు రాళ్ళు, దిగేవైపు నున్నటి వాలు, కింద మోకాల్లోతు నీళ్ళ గుంట, దాని అవతల గోడకి ఆనించి పాత టైర్ల వరస. ‘కుటుంబమంతా, ఎక్కడికైనా’ అని గోడ మీద రాసి ఉండేది. కొన్నవాళ్ళలో నూటికి తొంభై మంది ఆ బండిని పిల్లల బడికీ కూరల బజారుకీ తప్ప ఎక్కడికీ తీసుకెళ్ళరు. అయినా సరే, గుట్ట ఎక్కి చూడాల్సిందే. అవసరం లేని ధైర్యాన్ని అమ్మినంత తేలిగ్గా మనిషికి ఇంకేదీ అమ్మలేం.

గుట్ట దిగేటప్పుడే అసలు వ్యాపారం. గేరు పక్కన ఒక బటన్ ఉంటుంది. అది నొక్కితే బండి తనంతట తానే బ్రేకులు వేసుకుంటూ, ముసలెద్దులా అడుగులో అడుగేసుకుంటూ వాలు దిగుతుంది. బాబాయ్ ఆ బటన్‌ని చూడకుండానే బొటనవేలితో నొక్కి, “కాలు తీసేయండి సార్. నా మాట నమ్మి కాలు తీసేయండి” అనేవాడు. గొంతులోకి వచ్చిన ప్రాణం మళ్ళీ కిందికి దిగాక కస్టమర్ మొహంలో ఒక నవ్వు పుడుతుంది చూడండి, బండి అమ్ముడయ్యేది ఆ నవ్వుతోనే.

ఆ సమయంలో బాబాయ్ చూపు వాలు మీద ఉండేది కాదు. కస్టమర్ పాదం మీద ఉండేది. “మొహం బొంకుతుంది గానీ పాదం బొంకదు” అనేవాడు. ఎవరి కాలు వణుకుతోందో, ఎవరిది బ్రేకు వదిలినట్టే వదిలి మడమ మీద కాచుకుని ఉందో, చూడగానే చెప్పేవాడు.

ఇంకో అలవాటుంది. రోజూ పొద్దున్నే, ఎవరూ రాకముందే, ఖాళీ బండితో ఒకసారి గుట్ట ఎక్కి దిగేవాడు. పళ్ళు తోముకోవడమైనా మరిచిపోతాడేమో గానీ ఇది మరిచేవాడు కాదు.

ఆ రోజూ మరవలేదు. మానేశాడు.

ముందురోజు సాయంత్రం, అప్పటిదాకా చూపిస్తున్న బండినే ఒకాయన ఉన్నపళంగా కొనుక్కుపోయాడు. తెల్లారేసరికి దాని చోట అదే రంగుది ఇంకోటి నిలబడి ఉంది. బాబాయ్ తాళం తీసుకోబోతే మేనేజర్ అడ్డుకున్నాడు.

“ఇప్పుడే కడిగించాను బాబాయ్. రాత్రంతా వాన. గుట్ట ఎక్కావంటే మళ్ళీ బురద పులుముకొస్తావు. పది గంటలకి పళ్ళ డాక్టరు ఇంటిల్లిపాదితో వస్తున్నాడు.”

“కొత్త బండి కదయ్యా. ఒకసారి చూసుకోవద్దూ?”

“అదే బండి. రంగైనా మారలేదు. నీకు అన్నీ అనుమానాలే. పెళ్ళిలో పిన్నిని కూడా గుట్ట ఎక్కించి చూశావా ఏంటి?”

“నేనేం ఎక్కిస్తాను? మీ పిన్నే నన్ను ఎక్కించింది. ఇంకా దించలేదు.”

అందరూ పడి పడి నవ్వారు. ఆ నవ్వులో పడి తాళం మేనేజర్ జేబులోకి వెళ్ళిపోయింది. బాబాయ్ టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

పదింటికి పళ్ళ డాక్టరు వచ్చాడు. సన్నటి మనిషి, గొంతు కూడా సన్నం, చేతులు సబ్బు వాసన. వెంట భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. తల్లికి డెబ్భై దాటినా నోటికి మాత్రం పాతికే. బండి చుట్టూ ఒకసారి తిరిగి, నేరుగా చివరి వరసలోకి ఎక్కబోయింది.

“మధ్యలో కూర్చోండమ్మా, సుఖంగా ఉంటుంది” అన్నాడు బాబాయ్.

“రేపు కొన్నాక నన్ను కూర్చోబెట్టేది అక్కడే కదా నాయనా. కాళ్ళు పడతాయో లేదో ఇప్పుడే చూసుకోనీ.”

“అత్తయ్యా, ఆ మాటలేంటి పరాయివాళ్ళ ముందు!” అంది కోడలు.

“పరాయివాడెలా అవుతాడు? మన ప్రాణాలు ఆయన చేతిలో పెట్టి ఎక్కుతున్నాం.”

బెల్టు పెట్టుకోమంటే, “పది నిమిషాల ప్రయాణానికి మెడకి ఉరెందుకు” అంది. బాబాయ్ నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వూ ఆ తర్వాత ఆయనకి చాలా రోజులు గుర్తొచ్చింది.

డాక్టరు బండిని గుడ్లు మోస్తున్నట్టు నడిపాడు. రాళ్ళ మీద ఎక్కాడు. గుట్ట కొన మీద ఆగాడు. ముందర నేల కనిపించడం లేదు, ఆకాశమే. పిల్లలు కేకలు పెట్టారు. బాబాయ్ బొటనవేలు అలవాటైన చోటికి వెళ్ళి నొక్కింది.

“కాలు తీసేయండి సార్. నా మాట నమ్మి కాలు తీసేయండి.”

డాక్టరు నమ్మాడు. తీసేశాడు.

ఆ చోట బటన్ లేదు. ఆ బండి తక్కువ రకానిది. దానికి అక్కడ నల్లటి ప్లాస్టిక్ మూత ఒకటి బిగించి ఉంటుంది, నొక్కితే అదీ కొంచెం లోపలికి పోతుంది. బాబాయ్ వేలికి తేడా తెలియలేదు. ఆయన కళ్ళు ఎప్పటిలాగే డాక్టరు పాదం మీద ఉన్నాయి. బండి ముసలెద్దులా దిగలేదు, తాడు తెంచుకున్న దున్నలా దూకింది. పాదం ఒక్క క్షణం గాల్లో ఉంది. తర్వాత వచ్చి బ్రేకు మీదే పడింది, బలంగా, నిండుగా, ఎక్కడ పడాలో సరిగ్గా అక్కడే. కానీ తడి మట్టిలో చక్రాలు బిగుసుకుపోయి బండి అడ్డం తిరిగింది. గుంట దాటి టైర్ల వరసకి పక్కవాటుగా కొట్టుకుంది.

పిల్లలకి ఏమీ కాలేదు. చివరి వరసలో కూర్చున్న పెద్దావిడ రెండు సీట్ల మధ్యకి వచ్చి పడింది. ఆవిడ అరవలేదు. కోడలు అరిచింది.

“బ్రేకు తొక్కకుండా ఏం తొక్కారండీ! ఏం తొక్కారు!”

డాక్టరు తన కాళ్ళకేసి, అవి ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు.

తుంటి ఎముక విరిగింది. పెద్దావిడని ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళాక, మధ్యాహ్నం మేనేజర్ ఆసుపత్రికి వెళ్ళి, ఒక కాగితంతో తిరిగొచ్చాడు. ‘బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కడం వల్ల’ అని అందులో ఉంది. దాని కింద డాక్టరు అప్పటికే సంతకం పెట్టేశాడు.

“ఆయనే పెట్టాడా?” అన్నాడు బాబాయ్, నమ్మలేక.

“కలం అడిగి మరీ పెట్టాడు. నా వల్లే అయింది, నా వల్లే అయింది అని ఒకటే ఏడుపు. సాక్షి దగ్గర నువ్వు పెట్టు.”

“ఆయన కాలు బ్రేకు మీదే ఉందయ్యా.”

మేనేజర్ తలుపు వేసొచ్చాడు. “బాబాయ్, ఎవరో ఒకరి మీద పడాలి. ఆయన తల్లి, ఆయన కాలు. ఇంటి గొడవ ఇంట్లోనే ఉంటుంది. తక్కువ రకం బండి పెట్టి చెప్పలేదని బయటపడితే నేను పోతాను. పొద్దున చూసుకోకుండా గుట్ట ఎక్కించావని బయటపడితే నువ్వు పోతావు. నేనింకోచోట చేరతాను. నువ్వు?”

బాబాయ్ సంతకం పెట్టాడు. ఆయన సంతకం మామూలుగానే వంకర. ఆ రోజు ఎందుకో చక్కగా వచ్చింది.

ఇంట్లో భార్య ఇస్త్రీ చేస్తోంది. చుట్టుపక్కల నాలుగు మేడలవాళ్ళ బట్టలు ఆవిడ బల్ల మీదకే వస్తాయి. ఆయన చెప్పినదంతా విని, పెట్టె నిలబెట్టింది.

“మీరు పాదం చూశారా?”

“చూశాను.”

“ఎక్కడుంది?”

“బ్రేకు మీదే.”

“చూసినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?”

“నేనొక్కణ్ణే. ఆయనకే తెలియదు.”

ఆవిడ చొక్కా కాలరు మడత సరిచేసింది. “అయితే చెప్పాలి మరి.”

“చెబితే ఉద్యోగం ఉండదే. ఈ నడుంతో, ఈ వయసులో నాకెవరిస్తారు?”

“ఎవరూ ఇవ్వరు” అంది ఆవిడ. ఓదార్చడం ఆవిడకి చేతకాదు. మళ్ళీ పెట్టె అందుకుంది.

బాబాయ్ మర్నాడు పనికి వెళ్ళాడు. ఆ మర్నాడూ వెళ్ళాడు. పై రకం బండి తెప్పించారు. ఆయన రోజూ పొద్దున్నే గుట్ట ఎక్కి దిగుతున్నాడు, ఒకసారి కాదు, మూడుసార్లు. దొంగలు పడిన ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు. కస్టమర్లు వస్తున్నారు. కాలు తీసేయమంటున్నాడు. వాళ్ళు తీసేస్తున్నారు. లోకంలో నమ్మకం అంత చవక.

ఇరవై మూడో రోజున దవడ పన్ను పోటెత్తింది. ఊళ్ళో పళ్ళ డాక్టర్లకేం కరువు లేదు. వీధికొకడున్నాడు. బాబాయ్ సైకిలు మాత్రం అంత దూరం వచ్చి ఒక కళ్ళద్దాల దుకాణం ముందు ఆగింది. దాని పైన, మేడ మీద, ఆ డాక్టరు క్లినిక్.

ముందు గదిలో మూడు కుర్చీలూ ఖాళీగా ఉన్నాయి. బల్ల దగ్గర కూర్చున్న నడివయసు ఆవిడ చీటీ రాస్తూ, “డాక్టరు గారు చూస్తారు గానీ పని చెయ్యరండీ. మందు రాసి వేరే చోటికి పంపిస్తారు” అంది.

“ఎన్నాళ్ళ నుంచమ్మా?”

“వాళ్ళమ్మగారు పడ్డప్పటి నుంచి.”

లోపల డాక్టరు ఆయన్ని చూడగానే గుర్తుపట్టాడు. కంగారుగా లేచాడు.

“మీరా! ఆ రోజు అడగనే లేదు, మీకేం దెబ్బ తగల్లేదు కదా? నా వల్ల మీ ఉద్యోగానికి ఇబ్బందేం రాలేదు కదా?”

బాబాయ్‌కి ఆ మాట కన్నా చెంపదెబ్బ నయమనిపించింది. “అమ్మగారు ఎలా ఉన్నారు?” అని మాత్రం అడగగలిగాడు.

“మంచం మీదే. నడుస్తుందన్న ఆశ లేదన్నారు. వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది, మావాడికి చిన్నప్పటి నుంచీ కుడీ ఎడమా తెలియదు, చెప్పులు తిరగేసి వేసుకునేవాడు అని. నా మనసు తేలికపరచాలని ఆవిడ తాపత్రయం. అందరూ నవ్వుతారు.” కుర్చీ చూపించి, “కూర్చోండి” అన్నాడు.

బాబాయ్ వాలు కుర్చీలో పడుకుని నోరు తెరిచాడు. డాక్టరు అద్దం పెట్టి చూశాడు. పన్ను తొలిచే యంత్రాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అది నడిచేది కింద నేల మీద ఉన్న పెడల్ తొక్కితే. బాబాయ్ చూపు అలవాటు కొద్దీ కిందికి పోయింది. డాక్టరు బూటు పెడల్ మీద బెత్తెడు ఎత్తులో ఆగి ఉంది. వణుకుతోంది. వెళ్ళి కుర్చీ కోడుని తాకి వెనక్కొచ్చింది. మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ వెనక్కొచ్చింది. డాక్టరు యంత్రాన్ని తీసి పక్కన పెట్టేశాడు.

“వేరే చోటికి రాసిస్తాను. వాళ్ళు బాగా చేస్తారు.”

“సార్” అన్నాడు బాబాయ్, లేచి కూర్చుని. “ఆ రోజు మీ కాలు బ్రేకు మీదే ఉంది.”

డాక్టరు కలం ఆగిపోయింది.

“నేను చూశాను. నా పని అదే, పాదాలు చూడటం. మీరు సరిగ్గానే తొక్కారు. తప్పు నాది. బండికి ఆ బటనే లేదు. పొద్దున చూసుకోవాల్సింది, చూసుకోలేదు. కాలు తీసేయమన్నది నేను.”

గదిలో కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. డాక్టరు వెళ్ళి దాన్ని బిగించి వచ్చాడు.

“ఇవాళ్టికి ఎన్ని రోజులు?”

“ఇరవై మూడు.”

“ఇన్ని రోజులూ మా అమ్మ ఒళ్ళు నేనే తుడిచాను. ఒక్కసారీ ఆవిడ కళ్ళలోకి చూడలేదు. నా పిల్లల్ని నా ఆవిడ నా బండి ఎక్కనివ్వదు. మీరు రోజూ పనికి వెళ్ళారా?”

“వెళ్ళాను.”

“గుట్ట ఎక్కించారా?”

“ఎక్కించాను.”

“కాలు తీసేయమన్నారా, వాళ్ళని?”

బాబాయ్ తల వంచుకున్నాడు. “అన్నాను.”

డాక్టరు మందులు రాసే చీటీల కట్ట ఆయన ఒళ్ళోకి విసిరాడు. “రాయండి. అన్నీ రాయండి.”

బాబాయ్ రాశాడు. అక్షరాలు కోడి గెలికినట్టున్నాయి. మేనేజర్ మాటలు రాశాడు, ప్లాస్టిక్ మూత సంగతి రాశాడు, గుట్ట ఎక్కకుండా టీకి వెళ్ళిన సంగతీ రాశాడు. ఆ కాగితంతో ఉద్యోగం పోతుందని రాస్తున్న చేతికి తెలుసు. శనివారానికల్లా పోయింది కూడా. మేనేజర్ నిజంగానే ఇంకోచోట చేరాడు. బాబాయ్ ఇప్పుడు భార్య బల్ల పక్కన నిలబడి బట్టలు మడత పెడుతున్నాడు.

ఆ రోజు డాక్టరు ఆ చీటీ చదివాడు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కోపం చల్లారిన మొహం కాదది.

“మీ పన్ను నేను ముట్టుకోను. ముట్టుకుంటే నా చెయ్యి ఏం చేస్తుందో నాకే తెలియదు. వెళ్ళండి.”

బాబాయ్ దవడ పట్టుకుని బయటికొచ్చాడు. మెట్లు నిటారుగా ఉన్నాయి, నడుం పట్టేసింది. నాలుగు మెట్లు దిగాడో లేదో, పైన యంత్రం మోగింది. ఆగింది. మళ్ళీ మోగింది. ముందు గదిలో రోగులెవరూ లేరని ఆయనకి తెలుసు. ఖాళీ కుర్చీ ముందు ఆ మనిషి ఒక్కడే పెడల్ మీద కాలు పెడుతున్నాడు, తీస్తున్నాడు. పెడుతున్నాడు, తీస్తున్నాడు.

బాబాయ్ గోడకి ఆనుకుని, ఆ చప్పుడు తడబడకుండా ఒక్క తీరున సాగేదాకా అక్కడే నిలబడ్డాడు. పన్ను పోటు మాత్రం తగ్గలేదు.